నాణేలు తవ్వే యంత్రం కొంటే చేతికొచ్చింది కరెంటు బిల్లు

అల్లూరు (మా విలేకరి): ఆయిలు ఇంజను కొనే రైతు దాన్ని ఆడించి, కాలువలోకి నీళ్లు పోయించి చూడనిదే బయానా ఇవ్వడు. గేదెను కొనే మనిషి రెండు పూటలా పాలు పిండించి చూసుకోనిదే పలుపు పట్టుకోడు. ఇంత జాగ్రత్త తెలిసిన ఊళ్లోనే, స్విచ్చి కూడా వేసి చూడకుండా 18 వేల రూపాయలు పోసి ఒక యంత్రాన్ని ఇంటికి తెచ్చుకున్న బుద్ధిమంతులు ఇద్దరున్నారు. ఒకరు ఈ విలేకరి బావమరిది. రెండోవాడు, అందులో సగం వాటా పెట్టిన ఈ విలేకరే.

అది బిట్‌కాయిన్లు తవ్వే యంత్రం. 2025 ఆగస్టులో మన సరకుపై అమెరికా సుంకాలు 50 శాతానికి పెరిగిన రోజులవి. రొయ్యల గుంటలు చేసేవారంతా ధర ఏమవుతుందోనని దిగులుగా ఉన్నారు. అంతకు ముందు పంటే తెగులు వచ్చి పోవడంతో మా బావమరిది వేరే ఆదాయం కోసం వెతుకుతున్నాడు. ఫోనులో ఒక వీడియో చూశాడు. చెన్నైలో ఒక చిన్న వ్యాపారి మేడమీద గదిలో పాత యంత్రాలు అమ్ముతున్నాడని తెలుసుకుని, ‘‘పోయి చూసొద్దాం రా బావా’’ అన్నాడు. చూసి రావడానికి వెళ్లినవాళ్లం కొనుక్కుని వచ్చాం.

‘‘నెలకు ఆరేడు వేలు ఇంట్లో కూర్చుంటే వస్తాయన్నా. కరెంటు ఖర్చు పెద్ద లెక్కలోది కాదు’’ అన్నాడు ఆ వ్యాపారి. తన ఫోనులో ఆదాయం పట్టీ ఒకటి చూపించాడు. దానిమీద ఏ సంవత్సరం ఉందో మేము చూడలేదు. బిల్లు అడిగితే, ‘‘బిల్లయితే పన్ను కలుస్తుంది, మీకే నష్టం’’ అన్నాడు. ఆ మాట కూడా మాకు మంచిగానే తోచింది.

తవ్వకం అంటే ఏమిటి?

ఇందులో పలుగూ లేదు, పారా లేదు. 2009 జనవరిలో మొదలైన బిట్‌కాయిన్ చేత్తో పట్టుకునే నాణెం కాదు. ఎవరు ఎవరికి ఎంత పంపారో రాసి ఉండే ఒక ఖాతా పుస్తకం ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఒకే తీరుగా ఉంటుంది. సుమారు పది నిమిషాలకొకసారి ఆ పుస్తకంలో ఒక కొత్త పుట చేరుతుంది. ఆ పుట చేర్చే హక్కు కోసం యంత్రాలు పోటీ పడతాయి. పోటీలో తెలివికి పని లేదు. తాళానికి ఏ చెవి పడుతుందో తెలియక గుత్తిలోని చెవులన్నీ ఒక్కొక్కటే పెట్టి చూసినట్లు, అంకెలు మార్చి మార్చి చూడటమే పని. ముందుగా ఎవరికి కుదిరితే వారికి కొత్త నాణేలు బహుమానం.

ఆ బహుమానం మొదట్లో పుటకు 50 నాణేలు. సుమారు నాలుగేళ్లకొకసారి అది సగమవుతుంది. 2012లో 25, 2016లో పన్నెండున్నర, 2020లో ఆరుంబావు అయింది. 2024 ఏప్రిల్ నుంచి 3.125 మాత్రమే. యంత్రాలు పెరిగితే నాణేలు పెరగవు. దాదాపు రెండు వారాలకొకసారి పోటీ తనంతట తానే కష్టమై, మళ్లీ పది నిమిషాలకొక పుట లెక్కకే వచ్చి నిలుస్తుంది. వండిన అన్నం అంతే ఉండి విస్తళ్లు పెరిగితే ఒక్కొక్క విస్తట్లో పడేది తగ్గడమే గాని పెరగడం ఉండదు కదా. ఇదీ అంతే.

2025లో ప్రపంచంలోని ఈ యంత్రాలన్నీ కలిసి సెకనుకు చేసే ప్రయత్నాలు, ఒకటి పక్కన 21 సున్నాలు పెట్టినంత స్థాయికి చేరాయి. మేము కొన్నది యాంట్‌మైనర్ ఎస్9 రకం. 2016లో మార్కెట్లోకి వచ్చినప్పుడు అది మేటి యంత్రమే. సెకనుకు పదమూడున్నర లక్షల కోట్ల ప్రయత్నాలు చేస్తుంది. వినడానికి ఘనంగానే ఉంటుంది. కాని మొత్తంలో మన వాటా ఎంతో లెక్క కడితే, ఏడుకోట్లకు పైగా విస్తళ్లు వేసిన పంక్తిలో మనది ఒక్క విస్తరి.

మిద్దెమీద రైసుమిల్లు

యంత్రం చూడటానికి చెప్పుల పెట్టెకంటె కొంచెం పెద్దది. ముందొక ఫ్యాను, వెనకొక ఫ్యాను. దానికి కరెంటు ఇచ్చే పెట్టె వేరు. మిద్దెమీద గదిలో పెట్టి స్విచ్చి వేయగానే చెవులు గింగురుమన్నాయి. కింద నుంచి మా అత్తగారు, ‘‘ఏంది నాయనా ఇది, మిద్దెమీద రైసుమిల్లు పెట్టినారా?’’ అని కేకవేసింది. రాత్రి పొరుగింటివారు వచ్చి మర్యాదగానే అడిగిపోయారు. గది గంటలో పొయ్యిగది అయింది. చుట్టూ గాలి వేడి 40 డిగ్రీలు దాటరాదని ఈ రకం యంత్రాలకు నియమం. రోహిణి కార్తెలో మన మిద్దె గదులు ఎలా ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు. దీనికి తోడు తూర్పున సముద్రం, చుట్టూ ఉప్పునీటి గుంటలు. ఆ గాలినే ఫ్యాన్లు రాత్రింబవళ్లు లోపలికి పీల్చి సన్నని రాగి తీగెల మీద పోస్తాయి.

రెండో రోజు అసలు సంగతి బయటపడింది. ఈ యంత్రంలో మూడు బోర్డులుంటాయి. తవ్వే పని వాటిదే. యంత్రం తాలూకు పట్టీని ఫోనులో తెరిచి చూస్తే రెండే కనిపించాయి. మూడోది చచ్చి ఉంది. ఏళ్ల తరబడి పగలూ రాత్రీ ఆడిన యంత్రంలో ఒక బోర్డు పోవడం వింత కాదు. వింత మేము చూసుకోకపోవడమే. వ్యాపారికి ఫోను చేస్తే, ‘‘బస్సు కుదుపుకు పోయుంటుందన్నా. ఇక్కడ మూడూ ఆడాయి’’ అన్నాడు. మరో రెండుసార్లు చేశాం. తర్వాత ఎత్తలేదు. బిల్లు లేదు కనుక అడిగే చోటూ లేదు.

నెలాఖరు లెక్క

ఒక్కొక్కరే తవ్వితే జన్మలో తగులుతుందో లేదో తెలియదు గనుక, చిన్నవాళ్లంతా ఒక సంఘంగా చేరి, వచ్చింది పని కొద్దీ పంచుకుంటారు. మేమూ అట్లాగే చేరాం. ఆ నెలలో బిట్‌కాయిన్ ధర కోటి రూపాయల దాపుల్లో ఉంది. అంత ధరలోనూ 30 రోజులు రెండు బోర్డులూ ఆడగా మా ఖాతాలో జమపడింది 1,200 రూపాయలకు కొంచెం అటూ ఇటూ. అదైనా చేతికి రాలేదు. సంఘం పెట్టిన కనీస మొత్తం చేరితేగాని డబ్బు పంపరట. ఆ మొత్తం చేరాలంటే ఇంకా ఏడు నెలలు ఆడించాలి.

కరెంటు బిల్లు మాత్రం ఏడు నెలలు ఆగలేదు. ఎప్పటి బిల్లుకంటె సుమారు ఆరు వేల రూపాయలు ఎక్కువ వచ్చింది. మీటరు చూసిన సిబ్బంది, ‘‘ఇంట్లో ఏం నడుపుతున్నారు? మీరు రాయించుకున్న లోడెంత?’’ అని అడిగారు. ఆ సాయంత్రమే స్విచ్చి తీసేశాం.

మూడు బోర్డులూ బాగున్నాయనుకున్నా లెక్క మారదు. యంత్రానికి 1,350 వాట్లు. రోజుకు 32 యూనిట్లు, నెలకు 970 యూనిట్లు. మన రాష్ట్రంలో ఇళ్ల కనెక్షన్లకు 400 యూనిట్లు దాటిన భాగానికి యూనిట్‌కు 9 రూపాయల 75 పైసలు. ఇంటి వాడకం 200 యూనిట్లున్న కుటుంబానికి ఈ యంత్రం వల్ల పెరిగే బిల్లు 9 వేలకు పైమాటే. సర్దుబాటు చార్జీలు అదనం. రాబడి కోటి ధర మీద 1,830 రూపాయలు.

పాతది కనుక ఇట్లా అయింది, కొత్తది కొంటే సరి అనేవారున్నారు. ఆ లెక్కా చూద్దాం. ఎస్21 రకం దీనికి దాదాపు పదిహేను రెట్లు పని చేస్తుంది. 3,500 వాట్లు తాగుతుంది. అదే ధర మీద నెలకు 27 వేలు వస్తుంది, అదే శ్లాబులో కరెంటుకు 24 వేలు పోతుంది. మిగిలిన మూడు వేలూ మిగిలినట్లు కాదు. 2022 ఏప్రిల్ నుంచి ఇటువంటి ఆస్తుల మీద కేంద్రం 30 శాతం ఆదాయపు పన్ను వేస్తున్నది. కొన్న ధర తప్ప వేరే ఖర్చు తీసివేయడానికి లేదు. తవ్వకం కోసం పెట్టిన ఏర్పాట్ల ఖర్చు కొన్న ధర కిందికి రాదని 2022 మార్చిలోనే కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. అంటే 27 వేల మీద 8,100 రూపాయలు పన్ను. లక్షలు పోసి కొన్న యంత్రం నెలనెలా మన జేబులో నుంచే ఐదు వేలు తీసుకుంటుందన్నమాట.

గుంట లైనుకు తగిలిస్తే?

ఈ లెక్క చెప్పినప్పుడు ఊళ్లో ఒకరు, ‘‘మీకు తెలివి లేదు. రొయ్యల గుంట లైనుకు తగిలిస్తే యూనిట్ రూపాయిన్నరే గదా’’ అన్నారు. ఈ ఆలోచన ఒక్కరిదే అయి ఉండదు కనుక ఇక్కడ రాయవలసి వస్తున్నది. అర్హులైన ఆక్వా రైతులకు ఆ రాయితీ ఇచ్చింది గుంటల్లో ఏరియేటర్లు తిరగడానికి. ఒక పనికిచ్చిన కరెంటును వేరే పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ ప్రకారం రెట్టింపు ధరతో వసూలు చేస్తారు. 135వ సెక్షన్ కింద దొంగతనం కేసు కూడా పెట్టవచ్చు. అప్పుడు పోయేది యంత్రం ఒక్కటే కాదు. గుంటకు కరెంటు నిలిపివేస్తే ఒక్క రాత్రిలో గాలి అందక పంటంతా తేలిపోతుంది.

మోసాలు ఎన్ని విధాలు

మాకు కనీసం యంత్రం వచ్చింది. అసలు యంత్రమే లేకుండా దాని పేరు మీద డబ్బు గుంజినవారున్నారు. 2015లో మొదలైన గెయిన్‌బిట్‌కాయిన్ అనే పథకం, మీ తరఫున మేమే తవ్విస్తామని చెప్పి నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామన్నది. దేశంలో అనేక చోట్ల కేసులు నమోదై, తర్వాత అవి సీబీఐ చేతికి వెళ్లాయి. హెచ్‌పీజెడ్ టోకెన్ అనే ఫోను యాప్, 57 వేలు కడితే తవ్వకం లాభంగా మూడు నెలలపాటు రోజుకు 4 వేలు ఇస్తామని ఆశ చూపింది. దాని మీద 2021లో నాగాలాండ్‌లోని కోహిమా సైబర్ క్రైం పోలీసులు కేసు పెట్టారు. రోజుకు నాలుగు వేలు ఇచ్చే యంత్రం ఎవరి దగ్గరైనా ఉంటే మన 57 వేలతో వారికేమి పని అని అడిగి ఉంటే సరిపోయేది.

అమెరికాలోనూ ఇదే కథ. బటర్‌ఫ్లై ల్యాబ్స్ అనే సంస్థ ముందుగా డబ్బు కట్టించుకుని యంత్రాలు సమయానికి ఇవ్వలేదనీ, ఇచ్చేసరికి అవి పాతబడి పనికిరాకుండా పోయాయనీ ఆరోపిస్తూ అక్కడి ప్రభుత్వ వాణిజ్య సంస్థ కోర్టుకు వెళ్లి, 2014 సెప్టెంబరులో దాన్ని మూయించింది. ఎథీరియం అనే మరో నాణేన్ని గ్రాఫిక్ కార్డులతో తవ్వేవారు. 2022 సెప్టెంబరు 15న ఆ పద్ధతినే ఎత్తివేశారు. ముందురోజు వరకు ఆడిన కార్డులకు మర్నాడు ఆ పని లేదు.

కొనక తప్పదంటే

ఇంత చెప్పినా కొని చూస్తాననేవారు కనీసం ఈ సంగతులు గమనించాలి. అమ్మేవారి ఎదుటే యంత్రాన్ని గంటసేపైనా ఆడించాలి. బోర్డులన్నీ పట్టీలో కనిపిస్తున్నాయా, ఎంత వేగం, ఎంత వేడి చూడాలి. కరెంటు పెట్టె ధరలో కలిసిందో లేదో అడగాలి. యంత్రం నంబరు వేసిన బిల్లు లేనిదే డబ్బు ఇవ్వరాదు. బిల్లు ఉంటే మోసం జరిగినప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. ఇంటికి తెచ్చాక లోపలి ప్రోగ్రామును చెరిపి కొత్తగా వేయించాలి. లేకుంటే కరెంటు మనది, నాణేలు పాత యజమాని ఖాతాకు పోయే ప్రమాదమున్నది. వైరింగు, ఎర్తు సరిగా లేని ఇంట్లో ఇటువంటి యంత్రాన్ని రాత్రంతా వదలరాదు. ఫోను ద్వారా డబ్బు పోగొట్టుకున్నవారు వెంటనే 1930 నంబరుకు చెప్పుకోవాలి.

అన్నిటికంటె ముందు అమ్మేవారిని ఒక్క ప్రశ్న అడగాలి: ‘‘ఇది లాభమైతే నువ్వెందుకు అమ్ముతున్నావు?’’ మేము అడగని ప్రశ్న అదే.

ఆ యంత్రం ఇప్పుడు మా బావమరిది ఇంటి అటకమీద ఉంది. మొన్న పక్క ఊరి కుర్రవాడొకడు ఎవరో చెప్పగా విని, పదివేలు చేతిలో పట్టుకుని వచ్చాడు. బావమరిది యంత్రాన్ని దించలేదు. కరెంటు బిల్లు తెచ్చి చూపించి, కాగితం మీద లెక్క వేసి, కాఫీ ఇచ్చి పంపేశాడు. ‘‘ఇచ్చేసి ఉంటే సగమైనా వచ్చేది గదరా’’ అన్నాను.

‘‘ఆ పిల్లోడి నాయనది కూడా రొయ్యల గుంటే బావా’’ అన్నాడు.