రోమక నాణెమును చింతపండుతో తోమవచ్చునా?

రాగిచెంబులను, ఇత్తడిబిందెలను చింతపండుతో తోమి తళతళలాడించుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న యలవాటు. పండుగనాడు మెఱయుచున్న దీపపుసెమ్మెలను జూచి మురియని గృహిణి యుండదు. ఈ మంచి యలవాటే యొకనాడు మాచేత నొక తప్పు చేయించినది. సోదరీమణులు మావలె పశ్చాత్తాపపడకుండుటకై యా సంగతి వ్రాయుచున్నాము.

మా మేనల్లుడు లండనులో నాణెములమ్ము దుకాణమున రెండు ప్రాత రోమక కంచునాణెములను కొని మాకు కానుకగా దెచ్చెను. ఒక్కొక్కటి బొటనవ్రేలి గోరంత. రెండును ముదురాకుపచ్చగా నుండెను. అది మురికి యని తలచి యొకదానిని చింతపండురసములో నానవేసి బూడిదతో రుద్దితిమి. రాగిరంగు తేలినది గాని రాజుముఖము కానరాకపోయినది. పదునాఱువందల యేండ్లకు పైగా నిలిచిన కన్నును, ముక్కును, అక్షరములును పావుగంటలో మాయమైనవి. మేనల్లుడు కోపపడలేదు. “అత్తయ్యా, రెండవదాని నట్లే యుండనిండు” అని మాత్రమే యనెను.

ఇట్లేల జరిగెను? పాత్రలోని చిలుము ఆహారమును చెఱచును గనుక దానిని తోమివేయుట యుక్తమే. ప్రాతనాణెముపై చిలుము వేఱు. మట్టిలో నుండిన కాలమున పైలోహమే మెల్లమెల్లగా చిలుముగా మాఱును. బొమ్మయొక్క మిట్టపల్లములు లోహమున గాక యా పొరయందే నిలిచియుండును. చింతపండులోని పులుపు ఆ పొరను కరగించును. దానితో బొమ్మయు పోవును.

మిగిలిన నాణెమును భూతద్దముతో పరిశీలించితిమి. బొమ్మవైపున కుడికి తిరిగిన రాజు ముఖము. చుట్టును లాటిను అక్షరములు. ఇంగ్లీషు అక్షరములు వచ్చినవారు వీనిని కూడబలుకుకొనవచ్చును. ‘యు’ ఉండవలసినచోట ‘వి’ యుండునని మాత్రము గుర్తుంచుకొనవలెను. మాదానిపై కాన్‌స్టంటైను చక్రవర్తి పేరు కలదు. బొరుసువైపున ఇద్దఱు సైనికులు ఈటెలు, డాళ్లు పట్టి నిలిచియున్నారు. వారి నడుమ రెండు ధ్వజములు. చుట్టు నున్న మాటలకు ‘సేనయొక్క కీర్తి’ యని యర్థము. రెండు ధ్వజములున్నవి 330 మొదలు 335 వఱకును, ఒకే ధ్వజమున్నవి యటుపిమ్మటను ముద్రింపబడినవి. సైనికుల పాదములక్రింద గీతకు దిగువనున్న చిన్నయక్షరములు టంకశాల గుర్తులు. అచ్చట ‘ఎస్, ఎం, ఏ, ఎన్’ అని యుండుటచే మాది అంటియోకు నగరపు నాణెమని తేలినది. ఆ నగరము నేడు తుర్కీదేశమున నున్నది.

రోమక నాణెములు మన దేశమునకు క్రొత్తవి కావు. మన నాగార్జునకొండ త్రవ్వకములలో రోమక బంగారునాణెములు దొరికినవి. ఇట్టి చిన్న కంచునాణెములు తమిళదేశమున కరూరు, మధుర ప్రాంతములందును, సింహళమునందును విరివిగా దొరకినవి. కనుక ప్రాతపెట్టెలో నొక పచ్చని బిళ్ల కనబడినచో తొందరపడి తోమరాదు.

దీనిని కాపాడుట కష్టము కాదు. చేతిచెమట తగులకుండ అంచులనే పట్టుకొనవలెను. క్రింద మెత్తనిగుడ్డ పఱచుకొనవలెను. మట్టి యంటియున్నచో స్వేదనజలమున నానవేసి, దినదినమును నీరు మార్చుచు, మెత్తబడిన మట్టిని వెదురుపుల్లతో మెల్లగా తీయవలెను. ఉప్పు, నిమ్మకాయ, చింతపండు, ఇటుకపొడి, లోహములకు మెఱుగుపెట్టు ద్రవములు దగ్గఱకు రానీయరాదు. పూర్తిగా ఆరిన పిమ్మట ఆమ్లములేని కాగితపుసంచిలో నుంచి, తేమ పీల్చుకొను సిలికాజెల్ పొట్లముతో గూడ మూతగల డబ్బాలో పెట్టవలెను. మెత్తని పీవీసీ సంచులు కాలక్రమమున లోహమును చెఱచును.

గట్టిగా, నున్నగా నున్న చిలుము నాణెమునకు కవచము. లేతయాకుపచ్చని పొడి రాలుచు, తుడిచినను మరల పుట్టుచున్నచో నది వ్యాధి. లోహములో దాగిన క్లోరైడులు తేమతో గలిసి దానిని లోలోపల తినివేయును. అట్టిదానిని పొడిచోట వేఱుగ నుంచి, పురావస్తుశాలలో లోహసంరక్షణ మెఱిగినవారికి చూపవలెను. ఇంటివైద్యము పనికిరాదు.

మఱియొక మాట. పెరడు త్రవ్వుచుండగా నిధి దొరికి, దాని విలువ పదిరూపాయలకు మించినచో 1878 నాటి చట్టము ననుసరించి కలెక్టరుగారికి తెలుపవలెను. నూఱేండ్లు దాటిన నాణెములను సొంతముగా విదేశములకు పంపుటయు 1972 నాటి చట్టముచే నిషిద్ధము.

ముఖముపోయిన నాణెమును మేము పాఱవేయలేదు. రెండింటిని ప్రక్కప్రక్కనే యుంచితిమి. మా యింటి పిల్లలు వానిని చూపుమని యడిగినపుడు, మెఱయుచున్నదానిని ముందు చూపి, అందులో రాజెక్కడ నున్నాడో వెదకుమందుము. వారికి కానరాడు. పిమ్మట పచ్చనిదానిని చూపుదుము.