స్విచ్ లేని లోహం

2010 ఫిబ్రవరిలో ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగం ఒక పాత యంత్రాన్ని వేలం వేసింది. గామా కిరణాలతో ప్రయోగాల కోసం తెప్పించిన ఆ యంత్రాన్ని 1985 తర్వాత ఎవరూ వాడలేదు. అది మాయాపురి తుక్కు మార్కెట్‌కు చేరింది. అక్కడ దాని సీసపు కవచాన్ని విప్పేశారు. లోపలి లోహపు ముక్కలు చేతులు మారాయి. ఒకరు చిన్న ముక్కను పర్సులో పెట్టుకున్నారు. కొద్ది వారాల్లోనే వాంతులు, చర్మంపై కాలిన గాయాలు, జుట్టు రాలడం మొదలయ్యాయి. ఎనిమిది మంది ఆసుపత్రి పాలయ్యారు. ఏప్రిల్ 26న వారిలో ఒకరు చనిపోయారు.

ఆ లోహం కోబాల్ట్-60. పాతికేళ్లు మూలన పడి ఉన్న యంత్రంలో ఇంకా ఏం మిగిలి ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. వేలం వేసింది చదువుకున్నవాళ్లే కదా, తప్పంతా తుక్కు కూలీల అజ్ఞానం మీదికి నెట్టడం న్యాయం కాదు.

ఎక్స్‌రే యంత్రానికి కరెంటు తీసేస్తే కిరణాలు ఆగిపోతాయి. కోబాల్ట్-60 విషయంలో అలా కుదరదు. దాని కేంద్రకం అస్థిరమైనది. అందులోని ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారుతూ ఎలక్ట్రాన్‌ను బయటికి పంపుతుంది. కోబాల్ట్ కాస్తా నికెల్ అవుతుంది. మిగులు శక్తి రెండు గామా కిరణాలుగా వెలువడుతుంది. మంటలో కాల్చినా, ఆమ్లంలో ముంచినా ఇది ఆగదు. ఏ పరమాణువు వంతు ఎప్పుడు వస్తుందో చెప్పలేం గానీ, ఉన్నవాటిలో సగం మారడానికి మాత్రం 5.27 ఏళ్లు పడుతుంది. ఇదే అర్ధ జీవితకాలం. పాతికేళ్లంటే దాదాపు ఐదు అర్ధ జీవితకాలాలు. లెక్క వేస్తే 1985లో ఉన్నదాంట్లో సుమారు 27వ వంతు మిగిలింది. ఒక ప్రాణం తీయడానికి అది చాలింది.

ఇదే కోబాల్ట్ మన ఆసుపత్రుల్లో రోజూ పనికొస్తోంది. ముంబైలోని ట్రాంబేలో 1974 నుంచి వైద్య సామగ్రిని గామా కిరణాలతో శుద్ధి చేస్తున్నారు. ప్లాస్టిక్ సిరంజిని మరిగిస్తే వంకర పోవచ్చు. గామా కిరణాలు మాత్రం సీలు వేసిన ప్యాకెట్‌లోంచే దూసుకెళ్లి సూక్ష్మజీవుల డీఎన్‌ఏను తెంచేస్తాయి. 2007 నుంచి అమెరికాకు వెళ్తున్న మన మామిడిపండ్లకూ, వాటిలోని పురుగులు అక్కడికి చేరకుండా, ఇలాంటి కిరణ చికిత్సే చేస్తున్నారు.

మరి ఆ పండు రేడియోధార్మికం అవుతుందా? కాదు. దీపం వెలుగు పడినంత మాత్రాన గోడ దీపం కాదు. పండులోని పరమాణు కేంద్రకాలను మార్చేంత శక్తి కోబాల్ట్ గామా కిరణాలకు లేదు. కోబాల్ట్ యంత్రం కింద చికిత్స పొందిన క్యాన్సర్ రోగి విషయమూ అంతే. ఇంటికొచ్చి పిల్లల్ని నిశ్చింతగా ఎత్తుకోవచ్చు. తెలియక అలాంటివారికి కంచం, పక్క వేరు చేసి బాధపెట్టే ఇళ్లూ ఉంటాయి.

థైరాయిడ్ క్యాన్సర్‌కు అయోడిన్-131 మందు తీసుకున్నవారి సంగతి వేరు. అక్కడ రేడియోధార్మిక పదార్థమే ఒంట్లోకి వెళ్తుంది. అందుకే కొన్ని రోజులు పిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండమని వైద్యులు చెబుతారు. దాని అర్ధ జీవితకాలం 8 రోజులే. పైగా చాలా భాగం మూత్రంలో బయటికి పోతుంది.