ఎంచుకోండి... రాయకండి!

ఊరు ఒక్కటే. ఒకరు వైజాగ్ అని రాస్తారు. ఇంకొకరు విశాఖ అంటారు. మరొకరు విశాఖపట్నం అని పూర్తిగా రాస్తారు. చదివే మనిషికి అన్నీ ఒకటే. కంప్యూటరుకు మాత్రం అవి మూడు వేర్వేరు ఊళ్లు! అక్కడి నుంచి ఎన్ని దరఖాస్తులు వచ్చాయని అడిగితే మూడు లెక్కలు చూపిస్తుంది.

ఈ చిక్కుకు విరుగుడే డ్రాప్‌డౌన్ జాబితా. ఆన్‌లైన్ దరఖాస్తులో రాష్ట్రం, జిల్లా, పుట్టిన నెల... ఇలాంటి వాటి పక్కన చిన్న బాణం గుర్తు కనిపిస్తుంది. నొక్కితే పేర్ల వరుస కిందికి జారుతుంది. కావలసింది ఎంచుకోవడమే మన పని. రాయాల్సిన పనిలేదు... అసలు రాయనివ్వదు!

తాళం వేసేదిలా...

చూడ్డానికి ఒకేలా ఉన్నా ఈ పెట్టెల్లో రెండు రకాలున్నాయి. మొదటిది కాంబో బాక్స్. జాబితాలోంచి ఎంచుకోవచ్చు, అందులో లేకపోతే సొంతంగా టైపు చేయొచ్చు. రెండోది జాబితాలో ఉన్నదాన్ని తప్ప మరోదాన్ని ఒప్పుకోదు. విజువల్ బేసిక్‌లో ఈ రెంటికీ తేడా ఒక్క సెట్టింగే. 'డ్రాప్‌డౌన్ కాంబో'ను 'డ్రాప్‌డౌన్ లిస్ట్'గా మారిస్తే చాలు, టైపు చేసే వీలు పోతుంది. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఇదే పనికి 'లిమిట్ టు లిస్ట్' ఉంది. ఎక్సెల్‌లో 'డేటా వ్యాలిడేషన్' ఉంది.

అలాగని కీబోర్డు పూర్తిగా మూగబోదు. దేశాల జాబితా మీద ఉండి ఐ, ఎన్, డి అక్షరాలు గబగబా కొడితే 'ఇండియా' దగ్గరికి వచ్చి ఆగుతుంది. అది రాయడం కాదు, వెతకడం.

ఈ తాళానికి దొడ్డిదారీ ఉంది. ఎక్సెల్‌లో వేరే గడిని కాపీ చేసి డ్రాప్‌డౌన్ ఉన్న గడిలో పేస్ట్ చేస్తే అడ్డుచెప్పదు. పైగా అక్కడున్న జాబితా కూడా చెరిగిపోతుంది. వెబ్‌సైట్లలోనూ అంతే. తెలిసినవాళ్లు తమ బ్రౌజరులో జాబితాను మార్చి, అందులో లేని సమాధానం పంపగలరు. అందుకే వచ్చిన సమాధానాన్ని అవతలి సర్వర్ మళ్లీ సరిచూసుకోవాలన్నది ప్రోగ్రామర్లు నేర్చుకునే తొలి పాఠాల్లో ఒకటి.

వేలు జారితే...

జాబితా అక్షరదోషాన్ని ఆపుతుంది. తప్పు ఎంపికను మాత్రం ఆపలేదు. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్రల సంగతే చూడండి. వాటిని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. కంప్యూటరులో మందుల చీటీ రాసేటప్పుడు 'వారానికోసారి'కి బదులు 'రోజూ' ఎంపికైందంటే ప్రాణానికే ముప్పు! రెండూ జాబితాలో ఉన్న మాటలే కాబట్టి కంప్యూటరు మారుమాట్లాడదు. అమెరికాలో మందుల భద్రతపై పనిచేసే ఐఎస్ఎంపీ సంస్థ దీనికో ఉపాయం సూచించింది. ఆ మందు ఎంచుకోగానే 'వారానికోసారి' అన్నదే ముందుగా రావాలి. 'రోజూ' అని మార్చాలంటే క్యాన్సర్ చికిత్స లాంటి కారణం చూపితేనే ముందుకు వెళ్లనివ్వాలి.

2018 జనవరి 13న హవాయి దీవుల్లో జరిగిందీ మరువరానిదే. క్షిపణి దూసుకొస్తోంది, వెంటనే దాక్కోండంటూ ఉదయం 8.07కి జనం ఫోన్లన్నీ మోగాయి. అది ఉత్తిదేనని ఫోన్లకు మరో సందేశం చేరేసరికి 38 నిమిషాలు పట్టింది. పంపిన ఉద్యోగి, డ్రిల్లును నిజమైన దాడి అనుకున్నానని చెప్పినట్టు తర్వాతి విచారణలో తేలింది. జాబితా తీరులోని లోపమూ అప్పుడే బయటపడింది. పరీక్ష సందేశం, అసలు సందేశం ఒకే డ్రాప్‌డౌన్‌లో ఉన్నాయి. ఏది ఎంచుకున్నా కంప్యూటరు వేసే ప్రశ్న ఒక్కటే... 'పంపమంటారా?' అని. ఎవరికి, ఏది పంపుతున్నారో చెప్పి అడిగితే చెయ్యి ఒక్క క్షణమైనా ఆగేదేమో!

మా ఊరేదీ?

ఇంకో చిక్కుంది. తప్పును రానివ్వని తాళం ఒక్కోసారి నిజాన్నీ రానివ్వదు. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ములుగులో ఉండేవాళ్ల సంగతి చూడండి. ఇల్లు కదల్లేదు. జిల్లా మాత్రం మొదట వరంగల్, తర్వాత జయశంకర్ భూపాలపల్లి, ఆపైన ములుగు! దరఖాస్తులోని జాబితాను ఎవరూ దిద్దకపోతే ఆ ఇంటి పిల్లలు తమది కాని జిల్లాను ఎంచుకోక తప్పదు. ధ్రువపత్రంలో ఒకటి, దరఖాస్తులో ఒకటి. రేపు పరిశీలనలో సంజాయిషీ చెప్పుకోవాల్సింది వాళ్లే.

జిల్లా అయితే ఎప్పుడో ఒకప్పుడు దిద్దుతారు. మనిషికే చోటు లేకపోతే? మన జనాభా లెక్కల్లో స్త్రీ, పురుషుడు కాక 'ఇతరులు' అన్న వరుస వచ్చింది 2011లోనే. ఆ వరుసలో సుమారు 4.88 లక్షల మంది లెక్కకు వచ్చారు. ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించాలని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంతమంది అంతకుముందూ ఉన్నారు... లేనిదల్లా ఎంచుకోవడానికి ఒక వరుస!

కాబట్టి నెలలు, వారాల్లాంటి మారని వాటికి తాళం వేసినా ఫర్వాలేదు. మారేవాటికి, మనుషులకు సంబంధించినవాటికి 'ఇతరములు' అన్న వరుస, పక్కన రాసుకునేందుకు ఖాళీ గడి ఉంచడం మేలు. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లకైతే డ్రాప్‌డౌన్‌ను చిట్టచివరి మార్గంగానే వాడమని మార్గదర్శకాల్లో చెప్పారు. ఎంపికలు కొన్నే ఉంటే అన్నీ తెరమీదే కనిపించేలా పెట్టడం నయమన్నమాట.

నింపేవాళ్లు ఇవి చూసుకోండి

* జాబితాలో ఎంచుకున్నాక మౌస్ చక్రం తిప్పితే కొన్నిచోట్ల పేజీకి బదులు మీ ఎంపిక కదిలిపోతుంది. ముందు పక్కన ఖాళీ చోట ఓసారి క్లిక్ చేసి, తర్వాత కిందికి వెళ్లండి.

* కొన్ని గడుల్లో ఏదో ఒకటి ముందే ఎంపికై ఉంటుంది. నిండి ఉంది కదా అని వదిలేయకండి.

* మీ జిల్లా, కోర్సు కనిపించకపోతే దగ్గరగా ఉన్నదేదో ఎంచుకోవద్దు. ముందు హెల్ప్‌లైన్‌ను అడగండి. జాబితా కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

* చాలా దరఖాస్తుల్లో చివరి బటన్ నొక్కాక దిద్దుకోవడం కష్టం. నొక్కేముందు ఇంట్లో మరొకరితో ప్రతి గడీ పైకి చదివించండి.