కదలని నౌక

విశాఖపట్నంలోని డాల్ఫిన్స్ నోస్ కొండ మీద రాత్రివేళ వెలిగే దీపం కోస్తా ప్రాంతం వారికి సుపరిచితమే. దీపస్తంభం నిలవాలంటే గట్టి పునాది కావాలి. పునాదికి రాయో, బలమైన నేలో ఉండాలి. అయితే ఓడలకు ప్రమాదం పొంచి ఉండే చోటు చాలాసార్లు తీరానికి దూరంగా, సముద్రం నడుమ, కాలికింద ఇసుక జారిపోయే చోట ఉంటుంది. అటువంటి చోట దీపాన్ని నిలపడానికి మానవుడు ఒక ఉపాయం ఆలోచించాడు. ఒక నౌకను తీసుకువెళ్లి అక్కడ లంగరు వేసి, దాని స్తంభాలపై దీపాలు వెలిగించాడు. అదే దీపనౌక. తక్కిన నౌకలన్నీ ఎక్కడికో వెళ్లడానికి పుట్టినవి. దీపనౌక ఎక్కడికీ వెళ్లకుండా ఉండడానికి పుట్టింది.

అమెరికా తూర్పు తీరంలో, ఉత్తర కరోలినా రాష్ట్రాన హటెరాస్ అనే అగ్రం ఉన్నది. అక్కడి నుండి డైమండ్ షోల్స్ అనే ఇసుక తిన్నెలు అనేక మైళ్ల దూరం సముద్రంలోనికి వ్యాపించి ఉన్నాయి. అలల తాకిడికి ఆ తిన్నెలు నిరంతరం చోటు మారుతుంటాయి. దక్షిణం నుండి గల్ఫ్ స్ట్రీమ్ అనే ఉష్ణ ప్రవాహం వేగంగా అక్కడికి వస్తుంది. దక్షిణానికి పోయే ఓడలు ఆ ప్రవాహానికి ఎదురీదలేక తీరానికి దగ్గరగా జరుగుతాయి. అక్కడ తిన్నెలు కాచుకొని ఉంటాయి. ఆ ప్రాంతానికి ‘అట్లాంటిక్ శ్మశానం’ అనే పేరు ఊరకే రాలేదు. తీరంలో 1870 నాటి, సుమారు 200 అడుగుల ఎత్తైన దీపస్తంభం ఉన్నప్పటికీ, పొగమంచులోను, తుఫానులోను దాని వెలుగు తిన్నెల చివరి అంచు వరకు చేరేది కాదు.

ఆ అంచున దీపం నిలిపే ప్రయత్నం అంతకు చాలాకాలం ముందే జరిగింది. 1824లో అక్కడ ఒక దీపనౌకను నిలిపారు. దానికి యంత్రం లేదు. గాలి, ప్రవాహం కలిసి దానిని పలుమార్లు లాగివేశాయి. 1827లో అది తుఫానుకు కొట్టుకుపోయి తీరాన బద్దలయింది. తరువాత సుమారు 70 సంవత్సరాలు ఆ స్థానంలో దీపనౌక లేదు. 1891లో ఇనుప పునాదిని దింపి ఏకంగా దీపస్తంభాన్నే కట్టబోయారు. సముద్రం ఆ పనిని ఆరంభంలోనే భగ్నం చేసింది.

చివరకు మళ్లీ నౌకనే ఆశ్రయించక తప్పలేదు. అయితే ఈసారి దానికి ఆవిరి యంత్రం తోడయింది. అమెరికాలో ఆవిరి శక్తితో నడిచే తొలి దీపనౌకలు 1891లో మిషిగన్ సరస్సు కోసం తయారయ్యాయి. వాటి తరువాత కొద్దికాలానికే, 1897లో మెయిన్ రాష్ట్రంలోని బాత్ పట్టణపు ఓడల కర్మాగారంలో 69, 71 సంఖ్యలు గల రెండు దీపనౌకలను నిర్మించారు. 71వ నంబరు నౌక పొడవు సుమారు 122 అడుగులు. డైమండ్ షోల్స్ కాపలాలో అది 1918 వరకు, మొదట 69తోను, తరువాత మరొక నౌకతోను వంతులవారీగా పాల్గొన్నది.

కదలని నౌకకు యంత్రం దేనికని సందేహం కలగవచ్చు. దీపనౌకను పట్టి ఉంచేది పుట్టగొడుగు ఆకారంలో ఉండే బరువైన లంగరు. దాని తల సముద్రపు అడుగున ఇసుకలో కూరుకుపోతుంది. పెనుగాలి వీచినప్పుడు నౌక బరువంతా గొలుసు మీద పడుతుంది. అప్పుడు యంత్రాన్ని నెమ్మదిగా ముందుకు నడిపితే నౌక గాలికి ఎదురుగా నెట్టుకొని నిలుస్తుంది. గొలుసు మీది ఒత్తిడి తగ్గుతుంది. అంటే గంటల తరబడి బొగ్గు మండించి, ఒక్క అడుగు కూడా ముందుకు పోకుండా ప్రయాణించడమన్నమాట! ఒకవేళ గొలుసు తెగినా, తిరిగి తన చోటికి రావడానికి ఆ యంత్రమే ఆధారం. విద్యుద్దీపాలకు కావలసిన శక్తిని, పొగమంచులో హెచ్చరించే కూతను కూడా ఆవిరే సమకూర్చేది.

అలాగని యంత్రం సముద్రాన్ని జయించిందని అనుకోరాదు. 1899 ఆగస్టులో వచ్చిన మహా తుఫానులో 69వ నంబరు నౌక తన స్థానం తప్పి హటెరాస్ ఒడ్డుకు కొట్టుకువచ్చింది. దానిని మళ్లీ నీటిలోనికి లాగి, బాగుచేసి, కొలువులో పెట్టారు.

71 చరిత్రలో మరువరాని దినం 1918 ఆగస్టు 6. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రవేశించి ఏడాది దాటింది. ఆనాడు యు-140 అనే జర్మన్ జలాంతర్గామి కొద్ది మైళ్ల దూరంలో మెరాక్ అనే సరకుల ఓడపై దాడి చేయడం దీపనౌక సిబ్బంది కంటపడింది. వారి వద్ద ఫిరంగులు లేవు. ఉన్నది వైర్‌లెస్ యంత్రం ఒక్కటే. మౌనంగా ఉంటే తమ జోలికి రాకపోవచ్చు. వార్త పంపితే ఆ వార్త శత్రువు చెవిన కూడా పడుతుంది. వారు వార్త పంపారు. అది విని పాతికకు పైగా ఓడలు దారి మళ్లి సురక్షిత స్థలాలకు చేరాయి.

జలాంతర్గామి కూడా ఆ సందేశాన్ని విన్నది. దీపనౌకలోని 12 మందీ పడవ దించుకొని, తెడ్లు వేసుకుంటూ ఒడ్డు చేరారు. ఒక్కరికీ ప్రాణహాని కలగలేదు. ఖాళీ నౌకను జర్మన్లు ఫిరంగులతో కాల్చి ముంచివేశారు. సిబ్బందిని పోనిచ్చి నౌకను మాత్రమే శిక్షించారన్న సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవలసిందే. దీపం వెలిగించినంతకాలం ఆ నౌకకు శత్రుమిత్ర భేదం లేదు. దాని వెలుగు జర్మన్ ఓడకైనా దారి చూపేదే. హెచ్చరిక పంపిన క్షణంలో అది ఒక పక్షం వహించింది. అందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదనే చెప్పాలి. చుట్టుపక్కల ఓడలను కాపాడడమే గదా దానికి అప్పగించిన పని!

యుద్ధం ముగిసిన తరువాత ఆ స్థానాన్ని ఇతర దీపనౌకలు కాపాడాయి. 1966లో ఉక్కు కాళ్లపై నిలిచే కట్టడం ఒకటి అక్కడ వెలిసింది. దానితో డైమండ్ షోల్స్‌లో దీపనౌకల కాలం ముగిసింది. 2001లో ఆ ఉక్కు దీపం కూడా ఆరిపోయింది. 71 మాత్రం తాను కావలి కాసిన ప్రాంతంలోనే సముద్రగర్భంలో ఉన్నది. ఆ శిథిలాన్ని 2015లో అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు.