వాకిలి ఊడ్చుకున్నదే గ్రహం

గుళ్లో నవగ్రహాల చుట్టూ తిరిగేటప్పుడు ఈసారి విగ్రహాలను పేరుపేరునా చూడండి. నడుమ సూర్యుడు ఉంటాడు, చంద్రుడు ఉంటాడు, కంటికి కనబడని రాహుకేతువులూ ఉంటారు. భూమి మాత్రం ఉండదు. గ్రహమంటే మొదట్లో ఉన్న అర్థం వేరు మరి. నక్షత్రాలన్నీ ఒకే వరసలో కదిలిపోతుంటే, వాటి మధ్య రోజురోజుకీ చోటు మారుస్తూ తిరిగేది గ్రహం. మామూలు కంటికి అలాంటివి ఏడే. ఆదివారం నుంచి శనివారం దాకా మనం రోజూ పలికే పేర్లు వాటివే. ఇంగ్లీషువాళ్ల ప్లానెట్ అనే మాట కూడా గ్రీకులో దిమ్మరి అనే అర్థం నుంచే వచ్చింది. ఇక రాహుకేతువులు వస్తువులు కావు. చంద్రుడి దారి, సూర్యుడి దారి ఒకదాన్నొకటి దాటే రెండు చోట్లు. గ్రహణాలు పట్టేది ఆ చోట్ల దగ్గరే కాబట్టి లెక్కలోకి వచ్చాయి.

ప్లూటోను గ్రహాల జాబితాలోంచి తీసేశారని ఇప్పటికీ బాధపడేవాళ్లున్నారు. కానీ ఆ జాబితాలోంచి మొట్టమొదట బయటికి వెళ్లింది సూర్యుడే. 1543లో కొపర్నికస్ పుస్తకం అచ్చయ్యాక, ఆయన లెక్క నిలబడ్డాక, సూర్యుడు నక్షత్రమయ్యాడు, చంద్రుడు భూమికి ఉపగ్రహమయ్యాడు, అప్పటిదాకా లెక్కలోనే లేని భూమి వచ్చి గ్రహాల సరసన కూర్చుంది.

1801 జనవరి 1 రాత్రి. సిసిలీలోని పలెర్మోలో జుసెప్పె పియాజ్జి నక్షత్రాల పట్టిక తయారుచేస్తున్నాడు. ఒక చిన్న చుక్క దగ్గర చూపు ఆగింది. మర్నాడు రాత్రికి అది కాస్త జరిగి ఉంది. అదే సెరీస్. అంగారకుడికీ గురుడికీ మధ్య ఖాళీలో ఏదో ఒకటి ఉండాలని అప్పటికే వెతుకుతున్నవాళ్లు సంబరపడి దాన్ని గ్రహమన్నారు. 1802లో పల్లాస్, 1804లో జూనో, 1807లో వెస్టా అదే ప్రాంతంలో దొరికాయి. 1781లో విలియం హెర్షెల్ చూసిన యురేనస్‌తో కలిపి గ్రహాలు పదకొండయ్యాయి. తర్వాత 1845 చివర్లో ఐదోది దొరికింది, ఆపైన ఒకదాని వెనక ఒకటి దొరుకుతూనే వచ్చాయి. అప్పుడు ఖగోళ శాస్త్రజ్ఞులకు అర్థమైంది, ఇది గ్రహం కాదు, గుంపు అని. సెరీస్ గ్రహశకలాల్లోకి వెళ్లిపోయింది. ఈ మొత్తం కథలో నాకు కనబడే సూత్రం ఇదొక్కటే: ఒంటరిగా కనబడితే గ్రహమంటాం, చుట్టాలంతా బయటపడితే పేరు మార్చుకోక తప్పదు.

ఆ గుంపులో 67వది మద్రాసు వేధశాలలో దొరికింది. 1861 ఏప్రిల్ 17న నార్మన్ పాగ్సన్ దాన్ని కనుగొన్నాడు. ఆసియా ఖండం నుంచి కనుగొన్న మొదటి గ్రహశకలం కాబట్టి ఆసియా అని పేరు పెట్టాడు. అదే చుక్క అరవై ఏళ్ల ముందు కనబడి ఉంటే గ్రహాల జాబితాలోనే రాసుకునేవారు.

ప్లూటో దొరికిన తీరు చూడండి. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని లోవెల్ వేధశాల. క్లైడ్ టాంబా అనే 24 ఏళ్ల రైతుబిడ్డ ముందు ఒక యంత్రం. అందులో ఆకాశంలోని ఒకే భాగానికి జనవరి 23న, 29న తీసిన రెండు గాజు ఫొటో పలకలు. కంటిని అద్దానికి ఆనించి మీట కదిపితే ఒక పలక, మళ్లీ కదిపితే రెండోది. వేల నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి. 1930 ఫిబ్రవరి 18 మధ్యాహ్నం ఒక్క చుక్క మాత్రం అటూ ఇటూ గెంతింది. దానికి ప్లూటో అని పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్‌లోని 11 ఏళ్ల పాప, వెనీషియా బర్నీ.

మొదట్లో అది భూమి అంత బరువుండవచ్చని అనుకున్నారు. 1978లో జేమ్స్ క్రిస్టీ ప్లూటో ఫొటోల్లో ఒక పక్కన బొడిపెలాంటిది గమనించాడు. అది ప్లూటో చుట్టూ తిరిగే షారన్. ఉపగ్రహం దొరికితే అది తిరిగే వేగాన్నిబట్టి బరువు తూచడం సులువు. తూచి చూస్తే ప్లూటో ద్రవ్యరాశి భూమిలో 400వ వంతు కూడా లేదు. వ్యాసం 2,377 కిలోమీటర్లే, మన చందమామకన్నా వెయ్యి కిలోమీటర్లకు పైగా తక్కువ. 1992లో డేవిడ్ జ్యూవిట్, జేన్ లూ నెప్ట్యూన్ అవతల మరో చిన్న వస్తువును పట్టుకున్నారు. ఆ తర్వాత వందల్లో దొరికాయి. ప్లూటో చుట్టాలు కూడా బయటపడ్డారన్నమాట. 2005లో మైక్ బ్రౌన్ బృందం ప్రకటించిన ఎరిస్ దాదాపు ప్లూటో అంతే ఉంటుంది, బరువులో దానికన్నా 27 శాతం ఎక్కువ. ప్లూటో గ్రహమైతే ఇదెందుకు కాదు? గ్రీకు పురాణంలో ఎరిస్ కలహాల దేవత. ఆ తగువంతా తీరాక పెట్టిన పేరది.

తగువు తీర్చాల్సింది అంతర్జాతీయ ఖగోళ సంఘం. 2006 ఆగస్టులో ప్రాగ్‌లో సంఘం సమావేశమైంది. మొదటి ముసాయిదా ప్రకారం సెరీస్, షారన్, ఎరిస్ కూడా చేరి గ్రహాలు పన్నెండయ్యేవి. దానిపై వారంపాటు వాదులాడుకున్నారు. ఆఖరి రోజు, 24న, జోసెలిన్ బెల్ బర్నెల్ వేదిక మీద గొడుగు తెరిచి మరీ వివరించారు: గ్రహమనే గొడుగు కింద ప్లూటోలాంటి మరుగుజ్జు గ్రహాలకూ చోటివ్వాలా, వద్దా? పసుపు కార్డులు లేచాయి. చోటివ్వొద్దనే తేలింది. ఓటేసినవారు 424 మంది.

అక్కడ ఒప్పుకున్న షరతులు మూడు. సూర్యుడి చుట్టూ తిరగాలి. తన బరువుకు తానే ఒదిగి గుండ్రంగా కావాలి. తన దారిని శుభ్రం చేసుకుని ఉండాలి.

మొదటి షరతుతోనే గనిమీడ్ పోయింది. వ్యాసం 5,268 కిలోమీటర్లు, బుధుడికన్నా పెద్దది. అయినా గురుడి చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఉపగ్రహమే.

రెండోదానిలో చిత్రమైన సంగతి ఒకటుంది. ఎంత పెద్దదైతే గుండ్రమవుతుందనేది అది దేనితో తయారైందో దాన్నిబట్టి ఉంటుంది. 525 కిలోమీటర్ల వెస్టా రాతిముద్ద, ఒక పక్క నొక్కుకుపోయి ఉంది. శని ఉపగ్రహం మిమాస్ 400 కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది, అయినా ఉండలా ఉంది. అది చాలామటుకు మంచు. రాయికన్నా మంచు త్వరగా లొంగుతుంది.

అసలు తేడా మూడో షరతులోనే ఉంది. పొద్దున్నే లేచి ఎవరి వాకిలి వాళ్లు ఊడ్చుకున్నట్టు, గ్రహమన్నది తన దారిలో ఉన్న చెత్తను తనలో కలిపేసుకోవాలి, లేదా విసిరేయాలి, లేదా తను చెప్పినట్టు తిరిగేలా కట్టడి చేయాలి. ఇది ఊరికే అన్న మాట కాదు. 2006లోనే స్టీవెన్ సోటర్ లెక్క కట్టాడు. భూమి తన దారిలోని మిగతా వస్తువులన్నిటి బరువుకు 17 లక్షల రెట్లు ఉంది. ఎనిమిది గ్రహాల్లో దేనికీ ఈ లెక్క వేలకు తగ్గదు. సెరీస్‌కు వచ్చేసరికి అది మూడో వంతు, ప్లూటోకు పదో వంతు కూడా లేదు. వేలకూ మూడో వంతుకూ మధ్యలో ఎవరూ లేరు. గీత మనుషులు గీసిందే అయినా, ఆ ఎడం ప్రకృతిలోనే ఉందని ఈ అంకెలు చూశాకే నాకు నమ్మకం కుదిరింది.

మరి నెప్ట్యూన్ దారిలోకి ప్లూటో వస్తుందిగా, నెప్ట్యూన్ వాకిలి ఊడ్చనట్టే కదా అని అడుగుతారు. 1979 నుంచి 1999 దాకా ప్లూటో నిజంగానే నెప్ట్యూన్‌కన్నా సూర్యుడికి దగ్గరగా ఉంది. కానీ నెప్ట్యూన్ మూడు చుట్లు తిరిగేలోపు ప్లూటో కచ్చితంగా రెండు తిరుగుతుంది, రెండూ ఎప్పుడూ ఎదురుపడవు. తాళం వేసేది నెప్ట్యూన్, అడుగు వేసేది ప్లూటో.

ఈ నిర్వచనం మన సూర్యకుటుంబానికే. వేరే నక్షత్రాల చుట్టూ ఇప్పటికే వేలల్లో దొరికినవాటికి ఇది వర్తించదు. అక్కడ పైహద్దు ఒకటి పెట్టుకున్నారు: సుమారు 13 గురుగ్రహాల ద్రవ్యరాశి దాటితే లోపల డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్ మండడం మొదలవుతుంది, అప్పుడది గ్రహం కాదు.

ప్రాగ్‌లో ఓటు పడేనాటికి న్యూ హొరైజన్స్ నౌక ప్లూటో వైపు బయల్దేరి ఏడు నెలలైంది. టాంబా చితాభస్మం కొంత అందులో ఉంది. 2015 జులై 14న ఆ నౌక 12,500 కిలోమీటర్ల దూరం నుంచి ప్లూటోను చూసింది. మంచుకొండలు, హృదయం ఆకారంలో ఒక తెల్లటి ప్రాంతం కనిపించాయి. ఆ ప్రాంతానికి టాంబా పేరే పెట్టారు.

ప్లూటోకు ఏడాదంటే మన 248 ఏళ్లు. మనం దాన్ని గ్రహమని పిలిచిన 76 ఏళ్లు దాని లెక్కలో నాలుగు నెలలు కూడా కావు. టాంబా చూసిన చోటికి అది మళ్లీ వచ్చేది 2178లో.