పురుగును చంపే పైరుకు కాపలా ఎవరిది?

బీటీ పంటలకు ఢిల్లీలో అనుమతి, రాష్ట్రంలో ధర, రైతు చేతిలో రశీదు

మొజంజాహీ మార్కెట్ (హైదరాబాద్): మొజంజాహీ మార్కెట్ పండ్ల దుకాణంలో విదేశీ ఆపిల్‌ను చేతిలోకి తీసుకున్న కొనుగోలుదారుకు అది జన్యుమార్పిడి చెట్టుకు కాసిందో, మామూలు చెట్టుకు కాసిందో కంటిచూపుతో తెలిసే వీలు లేదు. తొలకరికి ముందు పత్తి విత్తనాల ప్యాకెట్ కొనే రైతు పరిస్థితీ ఇంతే. గింజలో ఏ జన్యువు ఉన్నదీ గింజను చూసి చెప్పలేరు. అందుచేత రెండు చోట్లా రక్షణ అంతా కాగితాల మీదనే ఆధారపడి ఉంది. ఆ కాగితాలను ఎవరు ఇస్తారు, ఎవరు తనిఖీ చేస్తారు, నష్టం వస్తే ఎవరు జవాబు చెప్పాలన్నదే జన్యుమార్పిడి పంటల నియంత్రణ.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రెండో కుమారుడు మొజంజా పేరిట 1935లో నిర్మించిన ఈ రాతి కట్టడం ఒకప్పుడు నగరానికి ప్రధాన పండ్ల మార్కెట్. 2020లో పునరుద్ధరణ పూర్తి చేసుకుని మళ్లీ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ ఒక ఉత్తర్వు వెలువరించింది. ఆపిల్, పైనాపిల్, బొప్పాయి, బంగాళాదుంప, టమాటా సహా 24 రకాల ఆహార పంటలను దిగుమతి చేసుకునేవారు అవి జన్యుమార్పిడి రహితమని ఎగుమతి దేశపు అధికార సంస్థ నుంచి ధ్రువపత్రం తేవాలన్నది దాని సారాంశం. 2021 మార్చి నుంచి ఇది అమలులోకి వచ్చింది. పొరపాటున కలిసే అవకాశాన్ని దృష్టిలో ఉంచుకుని ఒక శాతం వరకు మినహాయింపు ఇచ్చారు. ఆ ధ్రువపత్రం రేవులోనే ఆగిపోతుంది. దుకాణం వరకు రాదు.

పైరులోనే మందు

నేలలో సహజంగా ఉండే బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే సూక్ష్మజీవి పేరులోని తొలి అక్షరాలే ‘బీటీ’. కొన్ని రకాల గొంగళి పురుగులకు విషంగా పనిచేసే మాంసకృత్తును ఈ జీవి తయారు చేస్తుంది. ఆ పనికి కారణమైన జన్యువును శాస్త్రజ్ఞులు వేరు చేసి పత్తి మొక్కలో చొప్పించారు. దీంతో ఆకు, మొగ్గ, కాయ తానంతట తానే ఆ మాంసకృత్తును తయారు చేసుకుంటాయి. పురుగు కొరికి తిన్నప్పుడు క్షార గుణమున్న దాని పొట్టలో అది కరిగి పేగు గోడలకు తూట్లు పొడుస్తుంది. పురుగు తిండి మానేసి చస్తుంది.

పత్తి రైతును దశాబ్దాలుగా పీడించిన శనగపచ్చ పురుగు, మచ్చల పురుగు, గులాబీ రంగు పురుగులపై దీని ప్రభావం ఉంటుంది. రసం పీల్చే పేనుబంక, పచ్చదోమ, తెల్లదోమ, తామర పురుగులపై ఉండదు. బీటీ వేశాం కదా అని మందు కొట్టే పనే లేదనుకున్న రైతులు మోసపోయింది ఇక్కడే.

మందు డబ్బాను పురుగుమందుల చట్టం కింద తనిఖీ చేయవచ్చు. నచ్చకపోతే కొట్టడం ఆపవచ్చు. పైరులోనే ఉన్న మందును ఆపడం ఎవరి తరమూ కాదు. పుప్పొడి గాలికి పోతుంది, గింజ చేతులు మారుతుంది. అందువల్లనే ఇటువంటి పంటను మామూలు విత్తనంలా కాక పర్యావరణ పరిరక్షణ చట్టం పరిధిలోకి తెచ్చారు.

ఎవరి బాధ్యత ఏమిటి?

1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989 డిసెంబరులో కేంద్రం ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. నేటికీ మూలాధారం అవే. వాటి ప్రకారం పరిశోధన జరిగే సంస్థలోనే ఒక జీవభద్రత కమిటీ ఉండాలి. ఆ పైన కేంద్ర బయోటెక్నాలజీ విభాగం పరిధిలోని జన్యు మార్పిడి సమీక్ష కమిటీ (ఆర్సీజీఎం) ప్రయోగాలను పరిశీలిస్తుంది. విస్తృత సాగుకు విడుదల చేయాలంటే పర్యావరణ శాఖలోని జన్యు ఇంజనీరింగ్ మదింపు కమిటీ (జీఈఏసీ) సిఫార్సు తప్పనిసరి. 2010 వరకు దాని పేరులో ‘ఆమోద కమిటీ’ అని ఉండేది. బీటీ వంకాయ వివాదం తర్వాత ‘మదింపు కమిటీ’గా మార్చారు.

జిల్లా పాఠకులు గుర్తుంచుకోవలసినది మరొకటి ఉంది. అవే నిబంధనలు రాష్ట్ర స్థాయిలో ఒక సమన్వయ కమిటీని, కలెక్టర్ అధ్యక్షతన జిల్లా స్థాయి కమిటీని ఏర్పాటు చేయాలంటున్నాయి. జిల్లాలో అనుమతి లేని జన్యుమార్పిడి పంట ఉందేమో చూడటం, ఉంటే పై కమిటీలకు తెలియజేయడం ఈ జిల్లా కమిటీ విధి. క్షేత్ర ప్రయోగాలకు రాష్ట్ర ప్రభుత్వ అభ్యంతరం లేదన్న పత్రం కావాలన్న షరతును 2011లో చేర్చారు. అంటే అనుమతి ఢిల్లీదే అయినా కన్నువేసి ఉంచవలసిన బాధ్యత జిల్లాదాకా పాకి ఉంది.

వరంగల్ నేర్పిన పాఠం

2002 మార్చి 26న జీఈఏసీ మహికో సంస్థకు చెందిన మెక్-12, మెక్-162, మెక్-184 అనే మూడు బీటీ పత్తి సంకరాలను మూడేళ్ల కాలానికి అనుమతించింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వాటి సాగు వరంగల్ జిల్లాలో వివాదంగా మారింది. దిగుబడి రాలేదని రైతులు ఆందోళనకు దిగారు. నష్టపరిహారం చెల్లించాలని రాష్ట్ర ప్రభుత్వం సంస్థను కోరింది. మూడేళ్ల గడువు ముగిసిన 2005 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో ఈ మూడు సంకరాల అనుమతి పునరుద్ధరణకు జీఈఏసీ నిరాకరించింది. ఇతర సంస్థల సంకరాలు వాటి స్థానంలోకి వచ్చాయి. పంట మాత్రం విస్తరిస్తూనే పోయింది. ప్రస్తుతం దేశంలో సాగయ్యే పత్తిలో 90 శాతానికి పైగా బీటీయే. దేశంలో వాణిజ్య సాగులో ఉన్న జన్యుమార్పిడి పంట కూడా అధికారికంగా పత్తి ఒక్కటే.

ఆ వివాదం ఒక లోటును బయటపెట్టింది. జన్యువు పనిచేస్తుందా, పర్యావరణానికి హాని చేస్తుందా అన్నది కేంద్ర కమిటీ చూస్తుంది. ఆ సంకరం ఫలానా చెలక నేలలో, వర్షాధారంగా పండుతుందా అన్నది వేరే ప్రశ్న. బీటీ అన్న ముద్ర మొదటి ప్రశ్నకే జవాబు. రెండో ప్రశ్నకు జవాబు దొరకని రైతు అప్పుల పాలయ్యాడు.

ధరపై పోరాటం ఇక్కడి నుంచే

450 గ్రాముల ప్యాకెట్ ధర 2005 నాటికి రూ.1,600 దాటింది. అందులో పెద్ద భాగం జన్యువుకు చెల్లించే రాయల్టీయే. దీనిపై 2006 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య, నిర్బంధ వాణిజ్య విధానాల కమిషన్‌ను ఆశ్రయించింది. ప్యాకెట్‌కు రూ.900 రాయల్టీ వసూలు చేయరాదని, చైనా వంటి పొరుగు దేశాల్లో తీసుకుంటున్న స్థాయిలో సహేతుకంగా నిర్ణయించాలని కమిషన్ అదే ఏడాది మే నెలలో మహికో-మోన్‌శాంటో సంస్థను ఆదేశించింది. రాష్ట్రంలో ధర రూ.750కి దిగింది. మరికొన్ని రాష్ట్రాలు ఇదే బాట పట్టాయి.

2007లో రాష్ట్ర శాసనసభ పత్తి విత్తనాల సరఫరా, అమ్మకం, ధరల నియంత్రణకు ప్రత్యేక చట్టమే చేసింది. 2015 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ వర్తించే ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. దాని ప్రకారం 2016లో బీటీ-2 ప్యాకెట్ ధర రూ.800గా, అందులో రాయల్టీ రూ.49గా ఖరారైంది. 2020 నుంచి రాయల్టీని పూర్తిగా తొలగించారు. ధరల నియంత్రణలో రాష్ట్రం వేసిన అడుగు దేశానికి దారి చూపిందనడం అతిశయోక్తి కాదు.

పారేసిన చిన్న ప్యాకెట్

అనుమతితో పాటు జీఈఏసీ పెట్టిన ముఖ్య షరతు ఒకటి చేలగట్లపైనే వీగిపోయింది. బీటీ పైరు చుట్టూ కనీసం ఐదు సాళ్లు లేదా విస్తీర్ణంలో 20 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే అంత మేర బీటీ కాని పత్తి వేయాలి. ఇందుకోసం పెద్ద ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ ఇచ్చేవారు. విషానికి లొంగే పురుగులు ఆ సాళ్లలో బతికి, విషాన్ని తట్టుకున్న పురుగులతో జతకడితే తట్టుకునే గుణం త్వరగా పెరగదన్నది దీని వెనుక ఉన్న శాస్త్రం.

పురుగు కోసం ఐదో వంతు చేను వదులుకోవడానికి రెండు మూడెకరాల రైతు సిద్ధపడలేదు. ఎందుకు వేయాలో విడమరచి చెప్పినవారూ తక్కువే. చిన్న ప్యాకెట్లు గట్ల మీదే మిగిలిపోయాయి. 2010లో గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు బీటీ-1ను తట్టుకుంటున్నదన్న సంగతి వెల్లడైంది. 2014-15 నుంచి రెండు జన్యువులున్న బీటీ-2ను కూడా అది తట్టుకుంటున్నట్లు తేలింది. తెలుగు రాష్ట్రాల రైతులు మళ్లీ కాయ పగలగొట్టి పురుగును వెతుక్కోవలసి వచ్చింది. ఇప్పుడు 450 గ్రాముల బీటీలోనే 25 గ్రాముల నాన్ బీటీ గింజలు కలిపి 475 గ్రాముల ప్యాకెట్‌గా అమ్ముతున్నారు. పారేసే వీలు లేకుండా చేశారన్నమాట. అయితే ఆ మేలుకొలుపు ఆలస్యంగా వచ్చింది.

వంకాయకు ఎందుకు బ్రేక్ పడింది?

కూరగాయల అంగళ్లలో బీటీ వంకాయ లేకపోవడానికి కారణం 2010 నాటి నిర్ణయం. కొమ్మ, కాయ తొలుచు పురుగును తట్టుకునే బీటీ వంకాయకు 2009 అక్టోబరు 14న జీఈఏసీ పచ్చజెండా ఊపింది. వండుకు తినే పంట కావడంతో అభ్యంతరాలు వెల్లువెత్తాయి. నాటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ 2010 ఆరంభంలో హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో బహిరంగ సంప్రదింపులు జరిపారు. సుప్రీంకోర్టు నియమించగా జీఈఏసీలో పరిశీలకుడిగా ఉన్న శాస్త్రవేత్త, హైదరాబాద్‌లోని సీసీఎంబీ వ్యవస్థాపక సంచాలకులు పుష్ప మిత్ర భార్గవ పరీక్షలు చాలవని గట్టిగా వాదించారు. 2010 ఫిబ్రవరి 9న మంత్రి విడుదలను నిలిపివేశారు. పొరుగునున్న బంగ్లాదేశ్ 2013లో అనుమతించి 2014 నుంచి సాగు చేస్తోంది.

ఆహారంలోకి బీటీ అసలే రాలేదనడమూ సరికాదు. పత్తి గింజల నూనె వంటకాల్లో వాడుకలో ఉంది. శుద్ధి చేసిన నూనెలో బీటీ మాంసకృత్తు దాదాపు మిగలదు. గింజల చెక్క పశువులకు దాణాగా వెళుతోంది. పొలంలో పత్తిని వాణిజ్య పంటగానే చూసిన వ్యవస్థ వంటింట్లో, పశువుల కొట్టంలో దానిని ఆహారంగా చూడవలసి వస్తోంది.

దొంగచాటు విత్తనం

కలుపు మందును తట్టుకునే జన్యువు కూడా చేర్చిన పత్తికి జీఈఏసీ అనుమతి లేదు. అయినా ‘బీటీ-3’ పేరిట అది పల్లెల్లో అమ్ముడవుతోంది. కూలీల కొరతతో కలుపు ఖర్చు భరించలేని రైతు దీనికి ఆకర్షితుడవుతున్నాడు. తెలంగాణ ప్రభుత్వం 2017లో ముందస్తు నిర్బంధ చట్టాన్ని సవరించి నకిలీ విత్తన వ్యాపారులను అందులో చేర్చింది. మరోవైపు పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఐదేళ్ల వరకు జైలుశిక్షకు ఉన్న అవకాశాన్ని జన్ విశ్వాస్ సవరణ ద్వారా తొలగించి, 2024 ఏప్రిల్ నుంచి రూ.10 వేల నుంచి రూ.15 లక్షల వరకు జరిమానాగా మార్చారు.

ఇందులో అధికంగా నష్టపోయేది రైతే. అనుమతి లేని ప్యాకెట్‌కు రశీదు ఉండదు. మొలక రాకపోయినా, కాయ నిలవకపోయినా అడగడానికి సంస్థ పేరు ఉండదు. ధర నియంత్రణ, నష్టపరిహారం, పంచనామా వంటి రక్షణలన్నీ ఆ ప్యాకెట్ కొన్న క్షణానే చేజారిపోతాయి.

రశీదే రక్షణ

మొజంజాహీ మార్కెట్ నుంచి నాంపల్లి వైపు సాగే ముకరంజాహీ రోడ్డులోని చంద్రవిహార్ భవనంలో హైదరాబాద్ జిల్లా వినియోగదారుల ఫోరాలు పనిచేశాయి. పట్టణ వినియోగదారుడే కాదు, విత్తనం కొన్న రైతు కూడా ఇటువంటి ఫోరాలకు వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2012 జనవరిలో తేల్చిచెప్పింది. జాతీయ విత్తన సంస్థ దాఖలు చేసిన అప్పీళ్లలో ఆంధ్రప్రదేశ్ రైతులకు అనుకూలంగా ఈ తీర్పు వచ్చింది. విత్తన చట్టం ఉన్నంత మాత్రాన వినియోగదారుల చట్టం వర్తించకుండా పోదని, తెచ్చిన విత్తనమంతా విత్తేసే రైతు పరీక్ష కోసం కొంత దాచి ఉంచాలనడం సబబు కాదని న్యాయస్థానం పేర్కొంది.

కనుక రైతులు లైసెన్సు ఉన్న దుకాణంలోనే విత్తనం కొని, లాట్ నంబరు, గడువు తేదీ రాసిన రశీదు తప్పక తీసుకోవాలి. పంట చేతికి వచ్చేదాకా రశీదును, ఖాళీ ప్యాకెట్‌ను భద్రపరచాలి. మొలక సరిగా లేకపోయినా, పూత, కాయ తేడాగా ఉన్నా పైరు పొలంలో ఉండగానే మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి పరిశీలన జరిపించుకోవాలి. పైరు పీకేశాక రుజువు మిగలదు. ఎవరైనా రశీదు లేకుండా విత్తనం అమ్మజూపితే ఆ సమాచారాన్ని వ్యవసాయాధికారికి గానీ, పోలీసులకు గానీ ఇవ్వవచ్చు.