మచ్చ లేకపోతే లైమ్ లేనట్టేనా?

లైమ్ వ్యాధి అనగానే అమెరికాలోని తెలుగువాళ్లకు గుర్తొచ్చేది ఒక్కటే బొమ్మ: తెల్లటి చర్మం మీద ఎర్రటి వలయం, నడుమ ఒక చుక్క. ఆ బొమ్మ వెంటే ఒక మాట కూడా తిరుగుతుంటుంది. వలయం పడితేనే లైమ్, పడకపోతే మామూలు జ్వరమేనట. పిడుదులు మోసుకొచ్చే జబ్బుల మీదున్న అపోహలన్నిట్లో ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. వ్యాధి సోకినవాళ్లలో మచ్చ వచ్చేది 70 నుంచి 80 శాతం మందికి. వచ్చిన మచ్చ కూడా అమెరికాలో చాలావరకు వలయంలా ఉండదు. ఒకే రంగులో, కరిచిన చోటు నుంచి మెల్లగా పెద్దదవుతుంది. చామనఛాయ మీద అది ఎర్రగా కాక కమిలినట్టు కనిపించవచ్చు. మోకాలి వెనకో, నడుము దగ్గరో, జుట్టులోనో ఉంటే చూసేదెవరు? అమెరికాలో నల్లజాతి రోగుల్లో ఈ వ్యాధి మచ్చ దశలో తక్కువగా, కీళ్లు వాచాక ఎక్కువగా బయటపడుతోందని పరిశోధకులు చూపించారు. మన చర్మానికీ ఆ ముప్పు ఉంది. తెల్లవాళ్ల ఒంటి మీద తీసిన ఫొటోను కొలబద్దగా పెట్టుకోవడం ఇకనైనా మానాలి.

రక్తపరీక్షతో తేలిపోతుంది కదా అంటారు. ఆ పరీక్ష వెతికేది లైమ్ తెచ్చే బొర్రేలియా సూక్ష్మజీవిని కాదు, దాని మీద మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను. అవి పరీక్షకు అందేంతగా పెరగడానికి కొన్ని వారాలు పడుతుంది. జ్వరం వచ్చిన మొదటి వారంలో నెగెటివ్ వచ్చిందంటే లైమ్ లేదని కాదు. అందుకే మచ్చ కనిపిస్తే డాక్టర్లు పరీక్ష కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు. తొలిదశలో 10 నుంచి 14 రోజుల డాక్సీసైక్లిన్‌తో సాధారణంగా నయమవుతుంది. వదిలేస్తే మోకాలు వాచవచ్చు, ముఖం ఒకవైపు వాలిపోవచ్చు, గుండె లయ తప్పవచ్చు.

అడవుల్లో తిరిగేవాళ్ల జబ్బు మనకెందుకన్నది ఇంకో వాదన. 1975లో కనెక్టికట్‌లోని లైమ్ పట్టణం చుట్టుపక్కల పిల్లలకు కీళ్లు వాచినప్పుడు ఈ వ్యాధి వెలుగులోకి వచ్చింది. వాళ్లు అడవుల్లో పనిచేసేవాళ్లు కాదు, పిల్లలు. న్యూయార్క్ నగరంలోని స్టాటెన్ ఐలాండ్ పార్కుల్లో వ్యాధిని మోసే పిడుదులు ఉన్నాయి; న్యూజెర్సీలో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్ నుంచి అక్కడికి ఎంత దూరం? పిడుదు పిల్లకు ఈ సూక్ష్మజీవి పుట్టుకతో రాదు. ఎక్కువగా తెల్లకాళ్ల ఎలుక రక్తం తాగినప్పుడు అంటుకుంటుంది. ఆ ఎలుకకు నడకదారి పక్కనున్న నాలుగు చెట్లు, రాలిన ఆకులు చాలు. జింకల నుంచి పిడుదులకు బొర్రేలియా అంటదు గానీ, పెద్ద పిడుదులు రక్తం తాగి బలిసేది వాటి మీదే. గసగసాల గింజంత పిల్ల పిడుదులు మే నుంచి జూలై దాకా చురుగ్గా ఉంటాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి సాయంత్రాలు పార్కుల్లో నడిచేదీ అప్పుడే. వాళ్లు తిరిగి వెళ్లాక హైదరాబాద్‌లోనో గుంటూరులోనో మోకాలు వాస్తే అందరూ వయసు మీదికే నెడతారు. అక్కడి డాక్టరుకు లైమ్ తట్టకపోవడంలో ఆయన తప్పేమీ లేదు, చెప్పినవాళ్లు లేరు. లైమ్ ఒక్కటే కాదు, అదే పిడుదు మోసే బబీసియా అనే పరాన్నజీవి ఎర్ర రక్తకణాల్లో దాక్కుంటుంది. సూక్ష్మదర్శిని కింద మలేరియాలా కనిపిస్తుంది, పైగా డాక్సీసైక్లిన్‌కు లొంగదు. పెద్ద వయసువాళ్లకు అది ప్రాణాంతకం కావచ్చు.

పిడుదులు చెట్ల మీంచి దూకవు. గడ్డి కొసల్లో, పొదల్లో కాళ్లు చాచి కాచుకుంటాయి. లైమ్ సూక్ష్మజీవిని ప్రయోగశాలలో పుట్టించారన్న కథకు జవాబు మ్యూజియంలోనే ఉంది: 1940ల్లో లాంగ్ ఐలాండ్‌లో పట్టి భద్రపరిచిన పిడుదుల్లోనే బొర్రేలియా డీఎన్ఏ దొరికింది. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. కరిచిన వెంటనే లైమ్ అంటుకోదన్న నమ్మకం చాలావరకు నిజమే, సాధారణంగా 24 గంటలు పైబడాలి. కానీ అంత చిన్న పురుగు ఎప్పుడు పట్టిందో కచ్చితంగా ఎవరు చెప్పగలరు? ఇవే పిడుదులు మోసే అరుదైన పోవాసాన్ వైరస్‌కైతే కొన్ని నిమిషాలు చాలు.

కాబట్టి పిడుదు కనిపిస్తే అగ్గిపుల్ల, వాజలిన్, కిరోసిన్ జోలికి పోకుండా, సన్నటి ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగేయండి. అది 36 గంటలకు పైగా అంటుకుని ఉందనిపిస్తే, తీసిన 72 గంటల్లోపు డాక్టరును కలవండి. ఒక్క డోసు మందు ఇవ్వాలా వద్దా అన్నది ఆయన తేలుస్తారు. పార్కు నుంచి రాగానే స్నానం చేయండి, బట్టల్ని వేడి డ్రయర్‌లో 10 నిమిషాలు తిప్పండి, మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టులో వెతకండి. ఇండియాకు తిరిగి వెళ్లాక జ్వరమో, కీళ్ల వాపో వస్తే, డాక్టరు అడగకపోయినా ఏ నెలల్లో ఎక్కడ ఉన్నారో, ఏ పార్కుల్లో నడిచారో మీరే ముందు చెప్పండి.